ఎవరి కంటికి ఆనలేదు?

అనువాదాలు చేసేవాళ్ళ దగ్గర, పత్రికల డెస్కుల్లో, ఇంగ్లీషు ఎమ్మేలు చదివినవాళ్ళ మధ్య ఒక మాట పదే పదే వింటుంటాను. కంటబడే సంగతుల గురించీ కంటబడని సంగతుల గురించీ చెప్పడానికి ఇంగ్లీషులో ఉన్న సరంజామా తెలుగులో లేదట. నోటీసబుల్, పర్సెప్టిబుల్, డిసర్నిబుల్, కాన్‌స్పిక్యువస్, అబ్వియస్ ఒకవైపు. ఇంపర్సెప్టిబుల్, ఇన్‌కాన్‌స్పిక్యువస్, సటిల్, సబ్లిమినల్ మరోవైపు. ఇవన్నీ ఒక కొలబద్ద మీది గీతలని, మనకేమో "కనబడుతుంది", "కనబడదు" అనే రెండు గీతలే ఉన్నాయని అంటారు. కాబట్టి వైద్యం, చట్టం, శాస్త్రం లాంటి చోట్ల కచ్చితంగా మాట్లాడాలంటే ఇంగ్లీషే దిక్కని తేలుస్తారు. అనువాదం మీదే బతుకుతున్న నేను కూడా చాలాకాలం ఇదే నమ్మాను, కుర్రవాళ్ళకు ఇదే చెప్పాను. అది తప్పు. అక్కడ కొలబద్ద ఏదీ లేదు. ఆ మాటల్లో మనం కచ్చితత్వం అనుకుంటున్నది ఒక లోటు. చూసే మనిషి వాటిలోంచి జారిపోయాడు.

నాకు ఈ సంగతి పుస్తకాల్లో తట్టలేదు. అమ్మ కాళ్ళ దగ్గర తట్టింది. ఒక వేసవిలో అమ్మ, "మెట్టెలు బిగుస్తున్నాయిరా. పొద్దున వేలికి తిరుగుతాయి, దీపాలవేళకి కదలవు" అంది. ఆస్పత్రికి తీసుకెళ్ళాను. కుర్ర డాక్టరు మంచివాడే, ఓపికగా చూశాడు. కాలి ముందు ఎముక మీద బొటనవేలితో నొక్కిపట్టి తీశాడు. గుంట పడలేదు. పర్సెప్టిబుల్ వాపు ఏమీ లేదని చీటీ మీద ఇంగ్లీషులో రాశాడు. అందులో అబద్ధం లేదు. ఆయన కంటికి, ఆయన వేలికి ఆ పూట వాపు ఆనలేదు. రెండు వారాల తర్వాత ఇంకో డాక్టరు అదే చీటీ తిరగేసి, "వాపు లేదని రాసి ఉందిగా అమ్మా" అన్నాడు. అమ్మ తన కాలివేళ్ళ వంక చూసుకుని ఊరుకుంది.

వేలితో నొక్కితే గుంట పడే స్థితి వచ్చేసరికి ఒంట్లో కొన్ని కిలోల నీరు చేరి ఉంటుందని వైద్య పాఠ్యపుస్తకాలే చెబుతాయి. గుండె జబ్బు ఉన్నవాళ్ళని రోజూ పొద్దున్నే బరువు చూసుకోమనేది అందుకే. అంటే డాక్టరు వేలికంటే ముందే తూకానికి తెలుస్తుంది. మా అమ్మ విషయంలో తూకంతో పాటు వెండి మెట్టెకి తెలిసింది. మొదటి డాక్టరు "నాకు కనబడలేదు" అని రాసి ఉంటే రెండో డాక్టరు "మరి మీకేమనిపిస్తోందమ్మా?" అని అడిగి ఉండేవాడని నా నమ్మకం. "పర్సెప్టిబుల్ వాపు లేదు" అనే వాక్యం ఆ ప్రశ్నకు చోటివ్వలేదు. ఒక మనిషికి తెలియకపోవడం రెండు వారాల్లో అసలు లేకపోవడంగా మారిపోయింది.

ఇది ఒక డాక్టరు పొరపాటు కాదు, ఆ మాటల కట్టుబడిలోనే ఉంది. చివర "ఏబుల్" లేదా "ఇబుల్" తగిలించిన ఇంగ్లీషు మాట, చూడటం అనే పనిని తీసుకెళ్ళి వస్తువుకి గుణంగా అంటిస్తుంది. ఎర్రని, గుండ్రని అన్నట్టే పర్సెప్టిబుల్. వాక్యం నిండుగా ఉంటుంది, కర్త ఉంటుంది, గుణం ఉంటుంది. ఎవరికి అన్నది మాత్రం రాయకపోయినా వ్యాకరణం అడ్డు చెప్పదు.

తెలుగులో "కనబడింది" అంటే వినేవాడు "ఎవరికి?" అంటాడు. నాకు కనబడింది, వాడికి వినబడలేదు, దానికి వాసన తగిలింది. ఆ "కి", "కు" మన వాక్యంలో అలంకారం కాదు. పైకి అనకపోయినా ఆ చోటు ఖాళీగా ఉందని వినేవాడికి తెలుస్తూనే ఉంటుంది. అంతేకాదు, ఏ ఇంద్రియానికి అన్నది కూడా చాలాసార్లు మాటలోనే ఉంటుంది. పెద్దవాళ్ళు పుస్తకం దూరంగా పట్టుకుని "అక్షరాలు ఆనడం లేదు" అంటారు. ఆ "ఆనడం" చూడండి. వచ్చి తాకడం, ఆసరాగా నిలవడం అనే అర్థాలున్న మాట. అక్షరం వచ్చి కంటికి తగలాలి. తగలడం లేదంటే లోపం అక్షరానిదా, కంటిదా, మధ్యలో వెలుతురుదా? ఆ మాట తీర్పు చెప్పదు. అసలు తీర్పు చెప్పకపోవడమే అక్కడ కచ్చితంగా ఉండటం. ఇంగ్లీషులో "ఇల్లెజిబుల్" అంటే తప్పు అక్షరాల మీద పడుతుంది.

ఇక రెండే గీతలున్నాయన్న మాట. "లీలగా" వినిపించడం వేరు, "చూచాయగా" తెలియడం వేరు. లీలగా అంటే చెవికో కంటికో సన్నగా అందుతోంది; చూచాయగా అంటే సంగతి నీడ మాత్రమే తెలిసింది, ఒళ్ళు తెలియలేదు. "కొట్టొచ్చినట్టు" కనబడటం ఇంకొకటి. అక్కడ వస్తువే లేచి వచ్చి చూసేవాణ్ణి తాకుతుంది. "పసిగట్టడం"లో వాసన పట్టే జంతువు ఉంది. "అలికిడి" అన్న మాటకు సరిపడే మాట నాకు ఇంగ్లీషులో దొరకలేదు. అది చప్పుడు కాదు. మరొక ప్రాణి దగ్గర్లో ఉందని తెలియజేసేటంత చప్పుడు. వంటింట్లో గిన్నె దొర్లితే చప్పుడంటాం, ఆ గిన్నె దగ్గర పిల్లి కదిలితే అలికిడంటాం. "కనబడదు", "కనబడలేదు", "కనబడటం లేదు" మూడూ మూడు వేరువేరు సంగతులు. "వినిపించుకోలేదు" అంటే అడిగింది విని కూడా పట్టనట్టు ఉండిపోయాడు. "చూసీ చూడనట్టు" పోయాడంటే చూశాడు, చూసినందుకు మీదపడే బాధ్యత ఎత్తుకోదలచుకోలేదు. ఊళ్ళో చెరువు ఆక్రమణల గురించి మాట్లాడేటప్పుడు ఈ ఒక్క మాటే ఎంత పని చేస్తుందో తెలుగు పత్రిక చదివేవాళ్ళకి చెప్పక్కర్లేదు. అన్‌నోటీస్డ్ అన్న ముక్క దగ్గర ఇవన్నీ కలిసిపోతాయి.

ఇంగ్లీషువాళ్ళకైనా ఆ మాటలు పుట్టుకతో వచ్చినవి కావు. ఎక్కువ భాగం లాటిన్ నుంచి, కొన్ని ఫ్రెంచి మీదుగా, చదువుకున్నవాళ్ళ రాతల్లోంచి దిగినవి. నోటీస్ అన్న మాటకు మూలం లాటిన్‌లో తెలియడం. ఇంగ్లీషులో ముందు స్థిరపడింది కబురు, హెచ్చరిక అనే అర్థం. మన వాడుకలోకి వచ్చిందీ అదే. కోర్టు నోటీసు, ఇల్లు ఖాళీ చేయమని నోటీసు. "గమనించు" అనే క్రియగా దాన్ని వాడటం మీద పెద్ద పేచీయే నడిచింది. బెంజమిన్ ఫ్రాంక్లిన్ 1789 డిసెంబరులో, నిఘంటుకారుడు నోవా వెబ్‌స్టర్‌కి రాసిన ఉత్తరంలో, నామవాచకమైన నోటీస్‌ని క్రియగా మార్చి వాడుతున్నారని కష్టపెట్టుకున్నాడు, ఇలాంటివాటిని ఆపమని కోరాడు. అంటే రెండొందల చిల్లర ఏళ్ళ కిందట కూడా అది ఇంగ్లీషు చదువరికి కొత్తగా, ఎబ్బెట్టుగా వినిపించిన ప్రయోగమే. ఆ క్రియ మీద కట్టిన నోటీసబుల్‌ని మనం అనాదిగా ఉన్న తూకపురాయిలా చూస్తున్నాం.

కొలబద్ద వాదం నిజమైతే కాన్‌స్పిక్యువస్ అన్నది అందరికీ కనబడాలి, ఇంపర్సెప్టిబుల్ అన్నది ఎవరికీ కనబడకూడదు. 1999లో డేనియల్ సైమన్స్, క్రిస్టఫర్ చాబ్రిస్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు ప్రకటించిన ప్రయోగం ఇప్పుడు చాలామందికి తెలిసిందే. బంతి చేతులు మార్చుకుంటున్న వాళ్ళ వీడియో చూపించి, తెల్ల చొక్కాలవాళ్ళు ఎన్నిసార్లు బంతి అందించుకున్నారో లెక్కపెట్టమన్నారు. మధ్యలో గొరిల్లా వేషం వేసుకున్న మనిషి నడిచొచ్చి, గుండె బాదుకుని వెళ్ళిపోతుంది. చూసినవాళ్ళలో దాదాపు సగంమందికి ఆ గొరిల్లా తెలియనే లేదు. అంతకంటే కుదిపేసేది 2013 నాటి మరో పరిశోధన. ఊపిరితిత్తుల సీటీ స్కానులో చిన్న గడ్డలు వెతకడమే వృత్తిగా ఉన్న 24 మంది రేడియాలజిస్టులకు స్కానులు ఇచ్చారు. చివరి స్కానులో, మామూలు గడ్డకంటే 48 రెట్లు పెద్దదిగా, గొరిల్లా బొమ్మ ఇరికించారు. 20 మందికి అది కనబడలేదు. వాళ్ళ చూపు ఎక్కడెక్కడ తిరిగిందో యంత్రంతో కొలిస్తే, ఆ ఇరవై మందిలో సగానికి పైగా సరిగ్గా ఆ గొరిల్లా ఉన్నచోటనే చూపు నిలిపారని తేలింది.

ఇప్పుడు ఆ గొరిల్లాని ఏ గీత దగ్గర పెడతారు? అది కాన్‌స్పిక్యువస్ అనాలా, ఇన్‌కాన్‌స్పిక్యువస్ అనాలా? గడ్డలు వెతకమని పంపిన కంటికి గడ్డలే ఆనాయి. వెతకమని చెప్పని మామూలు మనిషి చేతిలో అదే స్కాను పెడితే అందులో కోతిలాంటిది ఏదో ఉందని చెప్పడానికి పెద్ద చదువు అక్కర్లేదు. బొమ్మ మారలేదు. చూసేవాడి పని మారింది.

ఇక్కడే ఎదుటివాళ్ళు శాస్త్రం పేరు ఎత్తుతారు. శాస్త్రానికి మనిషితో పని లేదని, "ఎవరికి" అన్న గొడవ తీసేస్తేనే కొలత సాధ్యమని అంటారు. గమనింపును మొదట కొలిచినవాళ్ళు ఏం చేశారో చూస్తే ఈ మాట నిలవదు. లైప్‌జిగ్‌లో ఎర్నస్ట్ వేబర్ చేతిలో బరువులు పెట్టి, ఎంత తేడా ఉంటే మనిషికి తెలుస్తుందో పరీక్షించి 1834లో ప్రకటించాడు. తేలిందేమిటంటే, తెలిసే తేడా అన్నది ఒక స్థిరమైన బరువు కాదు. చేతిలో అప్పటికే ఎంత ఉందో దానిలో ఇన్నో వంతు. ఖాళీ సంచిలో ఒక మామిడికాయ వేస్తే చెయ్యి ఒప్పుకుంటుంది. పది కిలోల సంచిలో అదే కాయ వేస్తే మోసేవాడికి తెలియదు. 1860లో గుస్తావ్ ఫెక్నర్ దీన్ని ఒక శాస్త్రంగా కట్టాడు. తెలియడానికీ తెలియకపోవడానికీ మధ్య గీతకి వాళ్ళు వాడిన పేరు గడప. సబ్లిమినల్ అంటే అక్షరాలా గడపకి దిగువన ఉన్నది. గడప అన్నాక ఇల్లు ఎవరిదో ఉంటుంది కదా. ఆ గడప ఎక్కడుందో వాళ్ళు పట్టుకున్నది కూడా ఒకే మనిషిని పదేపదే అడిగి, సగం సార్లు "తెలిసింది" అన్నచోట గీత గీసి. 1950లలో రాడార్ తెరల ముందు కూర్చునేవాళ్ళ గురించిన ఆలోచనలతో పెరిగిన మరో సిద్ధాంతం ఇంకో అడుగు ముందుకేసింది. తెరమీద చుక్క "కనబడింది" అని మనిషి చెప్పడం చూపు మీదే ఆధారపడదు. చుక్క వస్తుందని అతను ఎంతగా అనుకుంటున్నాడు, తప్పుగా ఉందంటే ఏమవుతుంది, లేదంటే ఏమవుతుంది అన్న లెక్క కూడా అందులో కలుస్తుంది. శాస్త్రం ముందుకు పోయినకొద్దీ చూసేవాడు లోపలికి వచ్చాడు. బయట ఉండిపోయింది ఆ విశేషణాలే.

మన దగ్గర తత్వశాస్త్రం చదివిన పాత పండితులకి ఇంపర్సెప్టిబుల్ అన్న ఒక్క మాట ఇస్తే పుచ్చుకునేవారు కారనుకుంటాను. ఈశ్వరకృష్ణుడి సాంఖ్యకారికల్లో ఏడోది, ఉన్న వస్తువు కనబడకపోవడానికి ఎనిమిది కారణాలు చెబుతుంది. మరీ దూరంగా ఉండటం, మరీ దగ్గరగా ఉండటం, ఇంద్రియం దెబ్బతినడం, మనసు అక్కడ లేకపోవడం, వస్తువు మరీ చిన్నది కావడం, మధ్యలో అడ్డు ఉండటం, బలమైన మరొకటి దాన్ని మింగేయడం, తనలాంటివాటిలో కలిసిపోవడం. మరీ దగ్గర అంటే కంటి కాటుక. మింగేయడం అంటే పగటి చుక్కలు. మనసు అక్కడ లేకపోవడమన్నది ఆ రేడియాలజిస్టుల సంగతే. ఎనిమిదింటిలో కొన్ని వస్తువువి, కొన్ని చూసేవాడివి, కొన్ని ఇద్దరి మధ్య ఉన్న దూరానివీ అడ్డుదీ. మనవాళ్ళు అన్నీ ముందే కనిపెట్టేశారని గొప్పలు పోవడానికి ఇది చెప్పడం లేదు. అలాంటి గొప్పలంటే నాకు చికాకు. "కనబడదు" అనగానే ఆగిపోకుండా "ఎందుకు కనబడదు?" అని అడిగితే మాటలు ఎలా పుడతాయో చూపించడానికే చెబుతున్నాను. అమ్మ వాపు ఈ ఎనిమిదింటిలో ఏది? చిన్నదనా, లేక సాయంత్రపు వాపుని పొద్దున పదింటి ఓపీలో చూడటమనా? ఆ ప్రశ్న అడిగి ఉంటే సాయంత్రం రమ్మనేవారు.

గోచరం అన్న మాట కూడా అంతే. ఆవులు మేసే మేర అన్నది దాని పాత అర్థం. తర్వాత ఇంద్రియాలు తిరిగే మేర అయింది. మేత మేర ఒక మందదై ఉంటుంది. అందుకే ఆ మాట చాలాసార్లు ఒంటరిగా నిలవదు, దృష్టిగోచరం, ఇంద్రియగోచరం అని ముందు ఎవరినో వెంటబెట్టుకుంటుంది.

కనబడకపోవడమే కొట్టొచ్చినట్టు కనబడే సందర్భం ఒకటుంది. ఇంగ్లీషులో లేకపోవడం చేతనే కాన్‌స్పిక్యువస్ అనే నానుడి ఉంది. 1859 ఎన్నికల్లో లార్డ్ జాన్ రస్సెల్ తన ఓటర్లకు రాసిన ప్రకటనలో వాడాక అది వ్యాప్తిలోకి వచ్చింది. ఆయన దాన్ని రోమన్ చరిత్రకారుడు టాసిటస్ దగ్గర తీసుకున్నాడు. క్రీ.శ. 22లో జూనియా అనే పెద్దావిడ చనిపోయింది. సీజర్‌ని చంపిన బ్రూటస్‌కి చెల్లెలు, కాసియస్‌కి భార్య. అంతిమయాత్రలో గొప్ప గొప్ప వంశాల పూర్వికుల ప్రతిమలు ఊరేగాయి, ఆ ఇద్దరివి మాత్రం లేవు. లేనందువల్లే ఆ ఇద్దరూ అందరికంటే ఎక్కువ వెలిగారని టాసిటస్ రాశాడు. ఎవరి కళ్ళకి వెలిగారు? వాళ్ళెవరో, వాళ్ళ ప్రతిమలు ఎందుకు తేలేదో తెలిసిన రోమన్ల కళ్ళకి. అవతలి దేశం నుంచి వచ్చి బాట పక్కన నిలబడిన బానిసకి అది మామూలు శవయాత్రే. కుమారిలభట్టు వర్గపు మీమాంసకులు, అద్వైతులు అనుపలబ్ధిని, అంటే కనబడకపోవడాన్ని, ఒక ప్రమాణంగా ఒప్పుకున్నది ఈ షరతు మీదే. కుండ ఉండి ఉంటే నాకు కనబడేది, కనబడలేదు, కాబట్టి లేదు. ఆ "నాకు" లేకపోతే తర్కం నడవదు. చీకటి గదిలో కుండ కనబడలేదని కుండ లేదనడానికి వీల్లేదు.

ఆ "లేకపోవడం చేతనే కాన్‌స్పిక్యువస్" నానుడి మన పత్రికల్లోకి ఎలా దిగిందో చూస్తే బాధ కలుగుతుంది. "సమావేశానికి స్థానిక ఎమ్మెల్యే గైర్హాజరు కావడం గమనార్హం." ఎన్నో రాత్రులు నేనే ఇలాంటి వాక్యాలతో వార్తలు ముగించాను. గమనార్హం అంటే గమనించదగ్గది. ఎవరు గమనించాలి, గమనించి ఏం అర్థం చేసుకోవాలి? ఎమ్మెల్యేకి జ్వరమా, పార్టీలో అలకా? విలేకరికి తెలిస్తే రాయాలి. తెలియకపోతే, "ఎమ్మెల్యే రాలేదు, కారణం ఎవరూ చెప్పలేదు" అని రాయాలి. గమనార్హం అన్న మాట రెండు పనులూ చేయకుండా తప్పుకుంటుంది. తెలుగు చేతగాని భాష అనేవాళ్ళు ఇలాంటి మాటల్ని ఆధునిక తెలుగు సాధించిన ప్రగతిగా చూపిస్తారు. ఇంగ్లీషు విశేషణంలో ఉన్న లోటుని సంస్కృతపు తొడుగు వేసి తెచ్చుకోవడం ప్రగతి ఎలా అవుతుంది?

ఈ లోటుకి ఖరీదు ఉంది. మంచాన పడినవాళ్ళకి వీపు మీద, మడమల మీద బెడ్‌సోర్స్ వస్తాయి. మొదటి దశకి గుర్తు చర్మం ఎర్రబడటం, నొక్కినా ఆ ఎరుపు తగ్గకపోవడం అని పుస్తకాలు నేర్పుతాయి. తెల్ల చర్మం మీద చూసి రాసిన గుర్తు అది. నల్లటి ఒంటి మీద ఎరుపు అలా తేలదు, చాయ కొంచెం మారుతుంది, ఆ చోటు వేడిగానో గట్టిగానో తగులుతుంది. అంతర్జాతీయ నిర్వచనాలే ఇప్పుడు ఈ హెచ్చరిక చేరుస్తున్నాయి. కాని "విజిబుల్ ఎరుపు" అన్న మాట పట్టుకుని చూసే ఆయాకి మా నాయనమ్మ వీపు మీద ఏమీ కనబడదు. రోజూ ఒళ్ళు తుడిచే కోడలి చేతికి తెలుస్తుంది. 2020లో లండన్‌లో వైద్య విద్యార్థిగా ఉన్న మలోన్ ముక్వెండె మరికొందరితో కలిసి, నల్లని, గోధుమరంగు చర్మాల మీద రోగలక్షణాలు ఎలా ఉంటాయో చూపే చిన్న పుస్తకం తెచ్చాడు. తనకి చెప్పిన పాఠాల్లో ఉన్న బొమ్మలు దాదాపు తెల్ల చర్మానివే కావడం అతన్ని కదిలించింది. అదే ఏడాది డిసెంబరులో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో మిషిగన్ పరిశోధకులు మరో సంగతి బయటపెట్టారు. వేలికి తగిలించే పల్స్ ఆక్సీమీటరు, రక్తంలో ఆక్సిజన్ పడిపోయినా బాగానే ఉన్నట్టు చూపించడం, తెల్లవాళ్ళతో పోలిస్తే నల్లజాతి రోగుల్లో దాదాపు మూడు రెట్లు ఎక్కువసార్లు జరుగుతోంది. కోవిడ్ రోజుల్లో మనం ఇంటింటా కొనుక్కున్న పరికరమది. కంటి పొరపాటుని యంత్రం కూడా నేర్చుకుంది. మన ఊళ్ళ పాత డాక్టర్లు రక్తం తక్కువైందేమోనని ఒంటి రంగు చూడరు, కింది కనురెప్ప లాగి లోపల చూస్తారు. ఎవరిని చూస్తున్నాం, ఎవరం చూస్తున్నాం అన్నది ఆ ఒక్క కదలికలో ఉంది.

చట్టం ఈ విషయంలో నయం. ఆస్తి బదిలీ చట్టం, 1882, మూడో సెక్షన్ ఒక మనిషికి నోటీసు ఉందనడం ఎప్పుడో చెబుతుంది. అతనికి నిజంగా తెలిసి ఉండాలి, లేదా చేయవలసిన విచారణ కావాలని చేయకపోవడం వల్లనో ఘోరమైన అజాగ్రత్త వల్లనో తెలియకుండా పోయి ఉండాలి. రిజిస్టరైన దస్తావేజు ఉంటే చూసినా చూడకపోయినా తెలిసినట్టే లెక్క. అందుకే స్థలం కొనేముందు ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్ (ఈసీ) తీయిస్తాం. అక్కడ మనిషి ఉన్నాడు, అతని బాధ్యత ఉంది. అమెరికా వాణిజ్య చట్టాల నమూనా కోడ్ కూడా కాన్‌స్పిక్యువస్ అన్న మాటని ఊరికే వదలలేదు. ఒప్పందంలోని షరతు ఎవరికి వర్తిస్తుందో అలాంటి మామూలు మనిషి గమనించి ఉండాల్సిన తీరులో రాయడం అని విడమరిచింది. డబ్బులు చేతులు మారేచోట, ఇంగ్లీషు చట్టమే ఇంగ్లీషు విశేషణాన్ని నమ్మలేక మనిషిని వెనక్కి పిలిచింది.

ఎదుటివాళ్ళ మాటలో నిజం ఒకటుంది. నామవాచకానికి ముందు తగిలించుకునే ఒక్క పొట్టి మాట కావాలంటే ఇంగ్లీషుకి సులువు, తెలుగుకి కష్టం. పట్టికల్లో, శీర్షికల్లో, ఫారాల్లో ఆ సులువు నాకూ కావాలనిపిస్తుంది. అయితే ఇంగ్లీషు మాట్లాడే తల్లులు కూడా పిల్లాడి ఒళ్ళు వెచ్చబడితే పర్సెప్టిబుల్ అనరు. నేను గమనించాను అంటారు, నా దృష్టి నుంచి తప్పించుకుంది అంటారు, తట్టింది అంటారు. ఆ ఇంగ్లీషుతో నాకు పేచీ లేదు. చీటీల్లో, కరపత్రాల్లో రాజ్యమేలే పుస్తకాల ఇంగ్లీషుతోనూ, దాన్ని కొలబద్దగా నెత్తిన పెట్టుకుని మన వాక్యాన్ని పేదదనే మనవాళ్ళతోనూ నా పేచీ.

కిందటేడు ఒక మందుల కరపత్రం అనువాదానికి వచ్చింది. కాళ్ళలో "నోటీసబుల్" వాపు ఉంటే డాక్టర్ని కలవమని అందులో ఒక వాక్యం. పాత నేనైతే "గమనించదగిన వాపు" అని రాసి పక్కన పెట్టేవాణ్ణి. ఈసారి ఇలా రాశాను: "సాయంత్రానికి మీకు చెప్పులు గానీ మెట్టెలు గానీ బిగుతుగా అనిపించినా, మేజోళ్ళు తీశాక కాలిమీద అచ్చు నిలిచిపోయినా, రెండు మూడు రోజుల్లో బరువు పెరిగినా డాక్టర్ని కలవండి. ఇంట్లో మరెవరికీ వాపు కనబడకపోయినా కలవండి." కంపెనీవాళ్ళ దగ్గర చూసేవారు మొత్తం కొట్టేసి "గమనించదగిన వాపు" అని దిద్ది పంపారు. మూలంలో లేనిది చేర్చానన్నారు. మూలంలో ఎవరికి అన్నది లేదని, ఆ లోటు పూడ్చకపోతే చదివే మనిషికి ఈ వాక్యం వల్ల ఉపయోగం లేదని జవాబు రాశాను. రెండుసార్లు అటూ ఇటూ తిరిగింది. మూడోసారి పంపేటప్పుడు, అమ్మ చీటీ కాపీ కూడా జతచేశాను.